బత్తాయికి తొక్క రంగే కొలమానమా?

చలికాలంలో పట్నం వీధుల్లో తోపుడు బండ్ల నిండా కమలాలు, బత్తాయిలు కనిపిస్తాయి. నాగపూర్ కమలా వస్తుంది. నల్లగొండ బత్తాయి, అనంతపురం చీనీ వస్తాయి. కొనేవారు ముందు రంగు చూస్తారు. ఆకుపచ్చగా ఉంటే పులుపనీ, మచ్చ ఉంటే పాడైందనీ పక్కన పెడతారు. కొనేవారి ఈ అలవాటును మార్కెట్‌లో వ్యాపారి రైతు మీద ఆయుధంగా వాడుకుంటున్నాడు. అందుకే మంచి కాయను గుర్తించడం తినేవారి సమస్య మాత్రమే కాదు, పండించేవారి సమస్య కూడా.

నిమ్మజాతి పండ్ల తొక్కకు పసుపు, నారింజ రంగు రావాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. మన వంటి వేడి ప్రాంతాల్లో లోపల రసం తీపెక్కినా తొక్కలో పచ్చదనం మిగిలే ఉంటుంది. గదుల్లో పెట్టి ఇథిలిన్ వాయువు పట్టిస్తే తొక్క రంగు మారుతుంది గానీ రసం తియ్యబడదు. మామిడి, అరటి కోసిన తర్వాత మాగుతాయి. బత్తాయి, కమలా అలా మాగవు. చెట్టు మీద ఎంత తీపి పట్టిందో అంతే.

ఇక మంగు. పిందె దశలో నల్లి తొక్కను గీకి రసం పీల్చడం వల్ల కాయ గోధుమ రంగుకు తిరుగుతుంది. దెబ్బ తొక్కకే గానీ లోపలి తొనలకు కాదు. మంగు మరీ ముదిరితే కాయ సైజు తగ్గుతుంది, త్వరగా వడలుతుంది. ఆ మాట నిజమే. కానీ కొద్దిగా మంగు తగిలిన కాయ రసానికీ, మెరిసే కాయ రసానికీ తినేవారికి తేడా తెలియదు. ధరలో మాత్రం తేడా రైతుకు బాగా తెలుసు.

మరి మంచి కాయను ఎలా ఎంచుకోవాలి? ఒకే సైజు కాయలు రెండు చేతుల్లోకి తీసుకుని, బరువున్నది ఎంచుకోండి. బరువంటే రసం. బత్తాయికి తొక్క నున్నగా, బిగువుగా ఉండాలి. కమలాకు తొక్క కొంత వదులుగా ఉండటం సహజం, బుస్సున ఉబ్బి తేలికగా ఉంటే తొనలు ఎండినట్టే. నిమ్మకాయకు పలుచని తొక్క మేలు. తొడిమ దగ్గర మెత్తబడినా, బూజు వాసన వచ్చినా ఏ కాయా వద్దు. రసం తీసి వడకట్టేకన్నా తొనలుగా తింటే పీచు కూడా దక్కుతుంది.

మన వంతు బాధ్యత కూడా ఉంది. ధర ఉందని పక్వానికి రాని తోట కోయిస్తే ఆ పులుపు తిన్నవాడు మళ్లీ బత్తాయి జోలికి రాడు. నాలుగు చెట్ల కాయలు కోసి రుచి చూశాకే కోతకు ఒప్పుకుందాం. మంగు నల్లి కనిపించగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తక్కువగా ఉన్న వేళ పిచికారీ చేద్దాం.

అయితే రైతు ఎంత జాగ్రత్త పడినా తూకం దగ్గర దోపిడీ ఆగకపోతే ఫలితం లేదు. చీనీ మండీల్లో సూటు పేరుతో టన్నుకు 100 కిలోల దాకా ఉచితంగా పోతోంది. టన్ను ధర 20,000 రూపాయలు అనుకుంటే, పది టన్నులు తెచ్చిన రైతు ఈ ఒక్క పద్దు కిందే 20,000 రూపాయలు వదులుకుంటున్నాడు. దానిపైన కమీషను, హమాలీ, మంగు పేరుతో మరో కోత. పాడైన కాయను ఏరి పక్కన పెట్టడం న్యాయం. ఏరిన తర్వాత మిగిలిన మంచి కాయ మీద కూడా సూటు తీయడం ఏ న్యాయం?

మన డిమాండ్లు స్పష్టం. సూటు పూర్తిగా రద్దు కావాలి. ఎలక్ట్రానిక్ కాటా మీద తూకం వేసి, ప్రతి కోతనూ రాసిన తక్‌పట్టీ రైతు చేతికివ్వాలి. తొక్క మచ్చను బట్టి కాకుండా సైజు, రసం శాతం, తీపిని బట్టి గ్రేడు నిర్ణయించాలి. తొక్క అందం అవసరం లేని మంగు కాయను కొనేలా, తోటలున్న ప్రాంతాల్లోనే ప్రభుత్వం రసం తీసే యూనిట్లు పెట్టాలి.

ఈ సీజన్‌లో ప్రతి గ్రామ కమిటీ తమ రైతుల తక్‌పట్టీలు సేకరించాలి. సూటు కింద ఎన్ని కిలోలు పోయాయో లెక్క కట్టాలి. ఆ లెక్కతోనే మార్కెట్ కమిటీల ముందు నిలబడదాం.