ఏడో వచనం చదివే ముందు నాలుగో వచనం చదవండి

మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో చాలాచోట్ల ఒక చిన్న చర్చి ఉంటుంది. ఆదివారం అక్కడ తరచు వినపడే మాట ఒకటుంది: ఓర్చుకోండి, దేవుడు చూసుకుంటాడు. ఆరు రోజులు ఆసామి పొలంలో ఓర్చుకుని వచ్చినోళ్లకి ఏడో రోజు కూడా ఓర్పే బోధ! మేము అడిగేది ఒకటే. బైబిలు ఓర్పు ఎవరికి చెప్పింది, దేనికి చెప్పింది? పుస్తకం తీసి చూద్దాం.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు కూలోళ్ల కథ చెప్పాడు. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే కూలీల కోసం పోతాడు. రోజుకి ఒక దేనారం బేరం. ఆ కాలంలో అది ఒక రోజు కూలి. మళ్లీ మళ్లీ పోయి ఇంకొంతమందిని తెస్తాడు. ఆఖర్న మన లెక్కలో సాయంత్రం అయిదింటికి పోతే అప్పటికీ కొందరు నిలబడే ఉన్నారు. ఏమంటే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదన్నారు. యేసు వాళ్లను సోమరిపోతులనలేదు.

పొద్దుగూకాక గంట చేసినోడికీ అదే దేనారం ఇచ్చాడు. పొద్దంతా ఎండలో మాడినోళ్లు గొణిగారు. కానీ వాళ్ల కూలిలో పైసా కోత పడలేదు. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు అందింది. గంట చేసినోడి ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి కదా! దేవుడి ఔదార్యం అంటే ఇదీ. ఒకరి న్యాయమైన కూలి కోసి ఇంకొకరికి దానం చెయ్యటం కాదు. న్యాయం తీర్చి, ఆపైన ఆకలి లెక్క కూడా చూడటం.

మన ఊళ్లలో లెక్క తిరగబడింది. ఒకే చేలో ఒకే పొద్దు నడుం వంచినా చాలాచోట్ల అక్కకి అన్న కంటే తక్కువ కూలి. పైగా రేపు రా, పంట అమ్మాక రా అంటారు. బీదవాడి కూలి పొద్దుగూకకముందే ఇయ్యాలనీ, ఆపితే పాపమనీ ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతోంది. కూలి ఇవ్వటం దయ కాదు, బాకీ తీర్చటం.

ఇక ఓర్పు సంగతి. రైతు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం కనిపెట్టుకున్నట్టు ఓపిక పట్టమని యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఏడో వచనంలో ఉంది. మనకి చదివి వినిపించేది అదే. మరి నాలుగో వచనం? చేలు కోసినోళ్ల కూలిని ధనవంతులు బిగబట్టుకుంటే ఆ కూలే మొర పెడుతోందనీ, కోతగాళ్ల కేక దేవుడి చెవిన పడిందనీ అక్కడ ఉంది. యాకోబు ముందు ధనవంతుణ్ణి నిలదీశాడు. ఆ తర్వాతే కూలివాడికి ధైర్యం చెప్పాడు. ముందు మాట దాచి వెనక మాట చదివితే అది వాక్యం కాదు, దొర మాట. దేవుడి దీర్ఘశాంతం తప్పు చేసినవాడు మారటానికి ఇచ్చిన గడువని పేతురు రాశాడు. దెబ్బ తిన్నవాడికి వేసిన శిక్ష కాదది.

లూకా 18వ అధ్యాయంలో ఒక విధవరాలుంది. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచెయ్యని న్యాయాధిపతి గుమ్మం మాటిమాటికీ తొక్కి న్యాయం రాబట్టింది. ఆమె మనకి కొత్త మనిషి కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. ఆ పల్లె జనం పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని తమ ఊరికే రప్పించుకున్నారు. 16 ఏళ్లకు, 2007లో, 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అయినా వాళ్లు ఇంటికి పోయి తలుపేసుకోలేదు. సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఓర్పంటే అదీ.

పాస్టరయ్యలకు ఒక మాట. వచ్చే ఆదివారం నాలుగో వచనం నుంచి మొదలుపెట్టండి. ఆరాధన అయ్యాక ఎవరికెంత కూలి బాకీ ఉందో అక్కడే కూర్చుని రాయించండి.

సంఘాల్లో తిరిగే తమ్ముళ్లకూ ఒక మాట. ప్రార్థనకు పోయే అవ్వని చూసి నవ్వకండి. ఆమె సంచిలో ఉన్న పుస్తకంలో మన కూలి లెక్క కూడా ఉంది. దాన్ని ఆమెతో కలిసి చదవండి.