చొప్పకి నిప్పు పెట్టి, గొడ్డుకి గడ్డి కొంటన్నాం

మొన్న మార్చి ఆఖర్లో ఓ సాయంత్రం కపిలేశ్వరపురం వైపు నించి మండపేట వస్తంటే రోడ్డుకి అటూ ఇటూ పొగ. కండెలు విరిచేసిన మొక్కజొన్న చేలు మండతన్నాయి. కాస్త ముందుకొచ్చాక కాలవ గట్టు మీద ఒకావిడ రెండు గేదెల్ని తోలుకెళ్తంది. గట్టు మీద గడ్డి లేదు, ప్లాస్టిక్ సంచులున్నాయి. బండి ఆపి "అక్కా, ఆ చేలో చొప్ప తెచ్చుకోలేకపోయావా, తగలబెట్టేస్తన్నారు కదా" అన్నాను. "అడిగితే రానిత్తారేటి తమ్ముడూ" అంది. నాలుగు రోజుల ముందు అదే చేలో కూలికెళ్లి కండెలు విరిచింది ఆవిడే. కూలికైతే ఆ చేలోకి రావొచ్చు, గేదెని తోలుకుని మాత్రం రాకూడదు. ఆవిడది పేట. అంతకన్నా నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

మన దగ్గర మొక్కజొన్న అంటే గింజే లెక్క. మండపేట, అనపర్తి, బిక్కవోలు చుట్టూ ఉన్న కోళ్ల ఫారాలకి అదే కావాలి, కోడి మేతలో సగానికి పైనే మొక్కజొన్న. ఇప్పుడు పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి కూడా అదే కావాలంటన్నారు. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,400 రూపాయలు. ఆ రేటు చేతికి రాకపోతే రోడ్డెక్కుతాం, ఎక్కాలి కూడా. కానీ గింజ ఎంత బరువు తూగుద్దో, చేలో మిగిలే ఆకు, దంటు, కండె మీద తొక్క అన్నీ కలిపితే ఇంచుమించు అంతే తూగుద్ది. పంటలో ఆ సగం గురించి ఎవరూ మాట్లాడరు.

అమెరికాలో నెబ్రాస్కా, అయోవా అని మొక్కజొన్న రాష్ట్రాలున్నాయి. అక్కడ అక్టోబరు, నవంబరుల్లో కోత అయిపోద్ది. అవ్వగానే మాంసం కోసం పెంచే ఆవుల మందల్ని ఆ కోసిన చేలల్లోకి తోలేస్తారు. చుట్టూ ఒక్క కరెంటు తీగ, తాగడానికి నీళ్లు, అంతే. ఫిబ్రవరి దాకా చలికాలమంతా అవి అక్కడే మేస్తాయి. ముందు రాలిన గింజలు ఏరుకుంటాయి, తర్వాత తొక్కలు, ఆకులు. దంటు పెద్దగా ముట్టవు, అది నేలకే వదిలేస్తాయి. అసలు చూడాల్సింది ఇంకోటుంది. చాలాచోట్ల చేను ఒకడిది, మంద ఇంకొకడిది. ఎకరానికింత అనో, రోజుకి తలకింత అనో మాట్లాడుకుంటారు. పశువులు తొక్కితే నేల గట్టిపడిపోద్దని అక్కడి రైతులకీ భయమే. నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి ఒకే పొలంలో మేపి చూశారు, తర్వాతి పంట దిగుబడి తగ్గలేదు.

"అది బీఫ్ దేశం, మనకెందుకు" అనేవాళ్లుంటారు. వాళ్లది మాంసం, మనది పాలు, నిజమే. కడుపు మాత్రం ఒకటే. అయినా వట్టిపోయిన గేదె సంతకెళ్లి అక్కణ్నించి ఎక్కడికి పోద్దో ఊళ్లో అందరికీ తెలుసు. దాని చావు గురించి నీతులు చెప్పేవాళ్లు, బతికున్నప్పుడు దాని మేత గురించి ఒక్క మాటా చెప్పరు.

వాళ్లకీ మనకీ తేడా ఒకటుంది. మన రబీ మొక్కజొన్న చలికాలంలో పెరిగి, మార్చి, ఏప్రిల్లో చేతికొస్తది. సరిగ్గా అప్పుడే కాలవలు కట్టేస్తారు, గట్లెండిపోతాయి. దాళ్వా వరి కోసే మిషను గడ్డిని చిందరవందర చేసి పోద్ది. దాన్ని కట్టలు కట్టే మిషనొస్తే డబ్బున్నోడి సావిడికి చేరుద్ది, రాకపోతే అదీ బూడిదే. అంటే వాళ్లని చలికాలం దాటించే చొప్ప మనల్ని ఎండాకాలం దాటించాలి.

లెక్క కట్టి చూడండి. ఎకరానికి 30 క్వింటాళ్ల గింజ అనుకుందాం, మనవైపు అంతకన్నా ఎక్కువ తీసేవాళ్లే ఉన్నారు. చొప్పా దగ్గర దగ్గర 30 క్వింటాళ్లు. అందులో సగం నేలకి వదిలేసినా 15 క్వింటాళ్లు మిగులుద్ది. ఒక గేదెకి రోజుకి 6 కిలోలు వేస్తే 250 రోజులు. దీంతోనే పాలు పొంగిపోతాయని నేననట్లేదు. తవుడు, తెలగపిండి, ఓ మోపు పచ్చమేత పక్కన ఉండాల్సిందే. కానీ వరిగడ్డి కన్నా ఇది కాస్త మేలే, ముక్కలు కొట్టి వేస్తే వృథా తగ్గుద్ది.

ఒకరి చేలో ఇంకొకరి పశువులు దిగడం మనకేం కొత్త కాదు. సంక్రాంతి దాటాక కోసిన చేలల్లో ఊరి గొడ్లన్నీ మేసేవని మా నాయనమ్మ చెప్పేది. రెండో పంటొచ్చాక ఆ సందు మూసుకుపోయింది. గొర్రెల మందలైతే ఇప్పటికీ ఎండాకాలం డెల్టాకి దిగుతన్నాయి. రైతే రాత్రికింత అని ఇచ్చి చేలో మంద కట్టించుకుంటాడు, ఎరువు కోసం. గొర్రెలకి ఎదురు డబ్బులిచ్చేవాడు, పేట నించొచ్చిన గేదెని కర్రుచ్చుకుని ఎందుకు తోలతాడు? ఈ ప్రశ్న ఊళ్లో అడగండి. ఏం చెప్తారో వినాలని నాకూ ఉంది.

నిప్పు పెట్టే కౌలు రైతుని మాత్రం నేను తిట్టను. చొప్ప కొట్టించాలంటే కూలి, రోటవేటర్ వెయ్యాలంటే అద్దె, అగ్గిపెట్టె రెండు రూపాయలు. తగలబెడితే చొప్పలో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలో పోద్దని ఆయనకీ తెలుసు. వచ్చే ఏడు ఆ చేను తనకిస్తారో లేదో తెలీనోడు నేల బలం గురించి ఎందుకు ఆలోచిస్తాడు? 2019లో తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టంలోనూ కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలన్నారు. చొప్ప మంటలో సగం మంట ఆ సంతకానిదే.

మేపేవాళ్లు రెండు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. గింజ అలవాటు లేని గొడ్డు ఒక్కసారి కండెల మీద పడితే కడుపులో పులుపు పుట్టి చచ్చే ప్రమాదముంది. అందుకని ముందు మిగిలిన కండెలు ఏరెయ్యాలి, ఇంటి దగ్గర కాస్త ఎండుగడ్డి వేసి తోలాలి, మొదట్లో గంటా రెండు గంటలే మేపాలి. కత్తెర పురుగు వచ్చినకాడ్నించీ మందులు బాగా కొడతన్నారు. ఏం మందు, ఎప్పుడు కొట్టారో అడక్కుండా తోలొద్దు. తడిసి బూజు పట్టిన చొప్ప అసలొద్దు. అనుమానమొస్తే పశువుల డాక్టర్ని అడగండి.

2025 జనవరిలో పిఠాపురం దగ్గర కుమారపురంలో మినీ గోకులాలు ప్రారంభించారు. షెడ్లు మంచివే. షెడ్డులో గొడ్డు ఏం తినాలి? రైతు సేవా కేంద్రాల్లో ఏ రైతు మొక్కజొన్న వేశాడో ఈ-పంటలో రాసి ఉంటది. కోతకి పది రోజుల ముందు ఆ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఖర్చేముంది? చాఫ్ కట్టర్ ఒకటి ఊరికిచ్చి, అది పెద్ద రైతు దొడ్లో కాకుండా గేదెలున్న డ్వాక్రా ఆడోళ్ల చేతిలో పెట్టాలి. రైతుకి కూడా ఏదో ఒకటి ముట్టాలి, ఊరికే అడిగితే ఎవడూ ఇవ్వడు. ఎరువో, డబ్బో, చేను శుభ్రం చేసే పనో.

గట్టు మీద కనిపించినావిడ దగ్గరికి వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఇద్దరం కలిసి, ఇంకా నిప్పు పెట్టని ఒక కౌలు రైతుని అడిగాం. ఆయన చాలాసేపు తల గోక్కుని, అరెకరం చొప్పకి రెండు ట్రాక్టర్ల పెంట అడిగాడు. ఆవిడ ఒకటన్నరకి బేరం తెగ్గొట్టింది. గేదెల్ని తోలడానికి మాత్రం ఒప్పుకోలేదు, కోసుకుని మోసుకుపొమ్మన్నాడు.