ఓడుచున్న జట్టును విడువరాదు

గెలుచు జట్టునకు అభిమానుల కొదువ యుండదు. కప్పు చేతికి వచ్చిన నాడు దారిన పోవువాడును "మన జట్టు" అని చెప్పుకొనును. ప్రధాన ఆటగాండ్రు గాయపడి, వారి స్థానమున నిన్న మొన్న బ్యాటు పట్టిన కుర్రవాండ్రు నిలిచి, వరుసగా ఓడుచున్న నాడు "మన" అను మాట నోట రాదు. "వాళ్ళు" అనియే అందురు. ఈ "మన" యొక్క స్థానమున "వాళ్ళు" వచ్చి చేరుటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా ఉద్దేశము.

ఇందుకు కారణము మన ఇంటనే కలదు. ఈ సంవత్సరము అంతర కళాశాల పోటీలలో మన క్రికెట్ జట్టు ఒక్క ఆటయు గెలువలేదు. వేగముగా బంతి వేయగల ఇరువురు విద్యార్థులు మొదటి ఆటలలోనే గాయపడిరి. వికెట్ కీపరు వ్రేలు విరిగెను. మిగిలిన ఆటలు మొదటి సంవత్సరపు పిల్లల చేతులమీదనే జరిగినవి. వచ్చు సంవత్సరము జట్టును పంపనక్కర లేదనియు, ఆ సొమ్మును గ్రంథాలయమునకు వినియోగింపవచ్చుననియు కొందరు పెద్దలు అనగా వింటిమి. వారి మాటలో సదుద్దేశము కలదు. పుస్తకముల విలువ తెలుగు బోధించు మాకు తెలియనిది కాదు. అయినను ఆ నిర్ణయము తగదని మా అభిప్రాయము. ఎందుకు తగదో చెప్పుటకు మన కృష్ణాతీరము నుండియే ప్రారంభింతుము.

భారత జట్టు మొట్టమొదటి టెస్టు ఆట 1932 జూన్ నెలలో లండన్ లార్డ్స్ మైదానమున జరిగెను. ఆ జట్టునకు నాయకుడు కల్నల్ సి.కె. నాయుడు. ఆయన పూర్వులు మన బందరు వారు. మన వారిలో ఒక్కరికైనను టెస్టు ఆట అనుభవము లేదు. ఫీల్డింగు చేయుచుండగా నాయుడు చేతికి దెబ్బ తగిలెను. నజీర్ అలీ, పాలియా ఇరువురును గాయపడిరి. అయినను మహమ్మద్ నిస్సార్, అమర్ సింగ్ బంతుల ధాటికి ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. దెబ్బ తగిలిన చేతితోనే నాయుడు 40 పరుగులు చేసెను. ఆ ఇన్నింగ్సులో మన వారిలో అంతకు మించి చేసినవారు లేరు. చివరకు మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. ఆ ఓటమిని చూచి "వీరికి ఈ ఆట ఎందుకు?" అని నాడు చేతులు దులుపుకొని యున్నచో తరువాతి కథ ఏమయ్యెడిది?

ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన 1953వ సంవత్సరముననే ఆంధ్ర క్రికెట్ సంఘము కూడ ఏర్పడెను. 1953-54లో మన జట్టు తొలిసారి రంజీ పోటీలలో అడుగిడెను. నాడు 58 ఏండ్ల వయస్సున నాయుడు వచ్చి దానికి నాయకత్వము వహించెను. అటుపిమ్మట అనేక దశాబ్దములు దక్షిణ మండలమున మద్రాసు, మైసూరు, హైదరాబాదు వంటి బలమైన జట్ల నడుమ మన జట్టు నలిగినది. ఓటములే మిక్కుటము. ఆ కాలమున ఖాళీ బెంచీల నడుమ కూర్చుండి, అరటి పండ్లో వేరుసెనగ కాయలో ఒడిలో పెట్టుకొని, దినమంతయు ఆట చూచిన కొద్దిమంది పేర్లు ఏ గ్రంథమునను లేవు. అయినను 2019-20, 2022-23, 2023-24 సంవత్సరములలో ఆంధ్ర జట్టు క్వార్టర్ ఫైనలు వరకు పోగలిగినదన్నచో అందులో వారి ఓర్పునకును వాటా కలదు.

ఆ క్వార్టర్ ఫైనళ్ళలో రెండు ఇందూరులో జరిగినవి. రెంటిలోను ప్రత్యర్థి మధ్యప్రదేశ్ జట్టే. 2023లో జరిగిన ఆటలో ఆవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి మన నాయకుడు హనుమ విహారి ఎడమ మణికట్టు చిట్లెను. రికీ భుయి 149, కరణ్ షిండే 110 పరుగులు చేసిరి. తొమ్మిదవ వికెట్టు పడిన పిదప విహారి తిరిగి వచ్చి, కుడిచేతి వాటము గల తాను ఎడమచేతి వాటమున నిలిచి ఆడెను. జట్టు 379 పరుగులు చేసెను. రెండవ ఇన్నింగ్సున 93 పరుగులకే అందరును అవుటైనప్పుడు కూడ ఆయన అట్లే చివరివాడుగా వచ్చి 15 పరుగులు చేసెను. ఆ ఆట అయిదు వికెట్ల తేడాతో ఓడితిమి. మరుసటి యేడు అదే ఇందూరులో 170 పరుగులు చేయవలసి యుండగా 165 వద్ద మన ఆట ముగిసెను. నాలుగే పరుగుల తేడా!

ఈ రెండు ఆటల ఫలితము వ్రాయవలెనన్నచో "ఓటమి" అను ఒక్క మాట చాలును. ఆ మాట వెనుక నున్నదానిని చూడగలవాడే నిజమైన అభిమాని. విరిగిన మణికట్టుతో వచ్చిన మనిషి చేసిన పరుగులను ఎన్నని లెక్కింపవచ్చును గాని, అతనిని చూచిన కుర్రవాండ్రలో కలిగిన ధైర్యమును ఏ స్కోరు పుస్తకమున వ్రాయుదురు?

అంతకు రెండు సంవత్సరముల ముందు, 2021 జనవరిలో, ఇదే విహారి సిడ్నీలో తొడ కండరము పట్టివేయగా పరుగెత్తలేక, 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలిచి, అశ్విన్‌తో కలిసి ఆటను డ్రా చేసెను. ఆ గాయము చేత తరువాతి టెస్టు ఆడలేకపోయెను. ఆ పర్యటనలో భారత జట్టు అడిలైడున 36 పరుగులకే కుప్పకూలెను. తరువాత ఒకరి వెంట ఒకరు గాయపడగా బ్రిస్బేనులో నటరాజన్, వాషింగ్టన్ సుందర్ తొలి టెస్టు ఆడిరి. హైదరాబాదు ఆటో డ్రైవరు కుమారుడైన మహమ్మద్ సిరాజ్‌కు అది మూడవ టెస్టు మాత్రమే. పర్యటన ఆరంభముననే తండ్రి మరణించినను అతడు ఇంటికి మరలలేదు. బ్రిస్బేను రెండవ ఇన్నింగ్సులో 5 వికెట్లు తీసెను. 1988 తరువాత ఆస్ట్రేలియా ఓడి యెరుగని ఆ మైదానమున మనము 328 పరుగుల లక్ష్యమును చేరుకొని గెలిచితిమి.

ప్రేక్షకుల నోరు ఎట్టిదో కూడ ఆ పర్యటనయే చూపెను. సిడ్నీలో బౌండరీ వద్ద నిలిచిన సిరాజ్‌ను కొందరు దూషింపగా అతడు నాయకునికి, అంపైరులకు తెలిపెను. కొంతసేపు ఆట నిలిచెను. కొందరు ప్రేక్షకులను బయటికి పంపిరి. పరాయి గడ్డపై పరాయివారి మాటను ఓర్చుకొనుట కష్టమే. సొంత మైదానమున సొంతవారి ఎగతాళిని ఓర్చుకొనుట అంతకంటె కష్టము. మన పోటీలలో క్యాచి జారవిడిచిన పదునెనిమిదేండ్ల బాలునిపై మన బెంచీల నుండి వచ్చిన మాటలను మేము వింటిమి. ఇచట వాటిని తిరిగి వ్రాయము.

మన విజయవాడ వాసులు చూచిన మరియొక ఉదాహరణ కలదు. 2002 నవంబరు 24న ఇందిరాగాంధీ స్టేడియమున భారత, వెస్టిండీస్ జట్ల నడుమ ఏడవ వన్డే జరిగెను. బ్రయాన్ లారా అస్వస్థుడై ఆ పర్యటనకు రాలేదు. టెస్టులలో 2-0గా ఓడిన ఆ జట్టు ఇచట 135 పరుగుల తేడాతో గెలిచి, 4-3గా వన్డేల సిరీసును కైవసము చేసికొనెను. మార్లన్ శామ్యూల్స్ అను యువకుడు ఆనాడు శతకము చేసెను. పెద్దవాడు లేని లోటున చిన్నవారికి చోటు దొరకుననుటకు ఇది మన ఊరి సాక్ష్యము.

మన పొరుగున గుంటూరు యువకుడు షేక్ రషీద్ సంగతియు అట్టిదే. 2022లో పందొమ్మిదేండ్ల లోపు వారి ప్రపంచ కప్పున అతడు ఉపనాయకుడు. నాయకునితో సహా పలువురు కోవిడ్ కారణముగా గదులకు పరిమితులైరి. ఐర్లండుతో ఆటకు పదకొండుగురిని నిలుపుటయే కష్టమయ్యెను. ఆ పదకొండుగురు గెలిచి నిలువబెట్టిన జట్టులోనికే రషీద్ కోలుకొని తిరిగి వచ్చి, సెమీ ఫైనలున ఆస్ట్రేలియాపై 94, ఫైనలున ఇంగ్లండుపై 50 పరుగులు చేసెను. కప్పు మనకు దక్కెను. అతని పరుగులు అందరికి జ్ఞాపకము. అతడు లేని నాడు నిలిచినవారిని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

డెల్టా బిడ్డలకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కర లేదు. వరద వచ్చి నారు కుళ్ళిపోయినచో రైతు పొలము విడిచి పోడు. నీరు తీసిన వెంటనే ఎచట నారు దొరకునో వెదకి తెచ్చి మరల ఊడ్చును. ఆలస్యముగా ఊడ్చిన చేను మొదట పలుచగా కనబడును. గట్టున నిలిచి దానిని చూచి నవ్వువాడు వ్యవసాయమెరుగనివాడు. ఉర్దూ విభాగపు సహోదరులు "సబ్ర్" అను మాట వాడుదురు. చేతులు ముడుచుకొని కూర్చుండుట దాని అర్థము కాదని, కష్టమున నిలిచి చేయవలసిన పని చేయుచుండుటయే సబ్ర్ అని వారే మాకు చెప్పిరి.

"ఓడినవారిని పొగడుచు పోయినచో ఆట బాగుపడునా?" అని అడుగువారుందురు. పొగడుమని మేము చెప్పుట లేదు. ఫీల్డింగు బాగులేనిచో బాగులేదని చెప్పవలసినదే. అయితే ఆ మాట సాధన సమయమున, దగ్గరకు పిలిచి చెప్పినచో పనికివచ్చును. మైదానము మధ్య నిలిచిన వానిపై దూరము నుండి విసరినచో పనికిరాదు. "ఆటల వలన చదువులు చెడును" అనువారికి మా మనవి యొకటే: చదువులోను మొదటి సంవత్సరము తప్పిన విద్యార్థిని మనము కళాశాల నుండి వెళ్ళగొట్టుట లేదు గదా!

కావున కమిటీ పెద్దలకు మా విన్నపములు ఇవి. వచ్చు సంవత్సరము జట్టును తప్పక పంపవలెను. గాయపడిన పిల్లల వైద్యపు ఖర్చు కళాశాల భరింపవలెను. వారి తల్లిదండ్రులలో దినకూలీలు, చిన్న దుకాణదారులు కలరని మీకు తెలిసినదే. వైద్యుడు సరేయనువరకు, ఎంత ముఖ్యమైన ఆటయైనను వారిని మైదానమునకు దింపరాదు. ఎదుగుచున్న వయస్సున విశ్రాంతి లేక వేగముగా బంతులు వేయుట వలన వెన్నెముకలో సన్నని చీలికలు ఏర్పడి, కొందరు నెలల తరబడి ఆటకు దూరమగుదురు. అభిమానుల తొందరయు అట్టి గాయములకు ఒక కారణమే. ఈ సంవత్సరము ఆడిన మొదటి సంవత్సరపు పిల్లలను ఇంకను రెండేండ్లు కలిపి ఆడనిచ్చి, అటుపిమ్మట తీర్పు చెప్పవలెను.

విద్యార్థులారా, మీకు ఖర్చుతో కూడిన పని ఏదియు మేము చెప్పము. ఆట ఉన్న నాడు మైదానమునకు రండు. అవుటై తల వంచుకొని వచ్చు బాలునికి మంచినీరు అందింపుడు. గాయపడి ఇంట నున్న సహాధ్యాయిని పలుకరింపుడు; అతనికి తప్పిన పాఠములను వ్రాసి యిండు. వచ్చు సంవత్సరము కూడ మనము ఓడవచ్చును. గెలుతుమని మాట యిచ్చుటకు మేమెవరము? అయినను మరుసటి దినము తరగతి గదిలో ఆటను గూర్చి ఎవరైన అడిగినప్పుడు "మేము ఓడితిమి" అని చెప్పుడు. "వాళ్ళు ఓడిరి" అని చెప్పకుడు.