మూడో నెలలో ఎవరు వెళ్తున్నారు?



మన సంఘంలో ఒకరు ఆసుపత్రిలో చేరారంటే మంచం చుట్టూ నిలబడడానికి చోటుండదు. పండ్లు, బ్రెడ్డు, పాట, ప్రార్థన. సంతోషమే (పక్క మంచం వారు నిద్రపోతుంటే పాట మెల్లగా పాడితే ఇంకా సంతోషం). అయితే ఇంటికి వెళ్ళిన మూడో నెలలో ఎవరు వెళ్తున్నారని మేము అడుగుతున్నాము. మంచి సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు, పూటకూళ్ళవానితో మళ్ళీ వస్తానన్నాడు.

టి.బి. సంగతే చూడండి. మామూలు టి.బి.కి సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. కూలికి పోవాలనిపిస్తుంది, బిళ్ళలు మానాలనిపిస్తుంది. మధ్యలో మానితే ఆ మందులకు లొంగని టి.బి.గా మారవచ్చు. మనిషి తోడు కావలసింది అప్పుడే. స్త్రీల సమాజం నుండి ఒక అక్క వెళ్ళి, "బిళ్ళలు వేసుకున్నావా తమ్ముడూ, ఏం తిన్నావు?" అని అడిగినా ఎంతో మేలు. పోషకాహారానికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలైంది. అది బ్యాంకు ఖాతాలో పడేలా మన యువకులు తోడు వెళ్ళవచ్చు.

కొన్నిచోట్ల ఇలాంటివారిని వెనుక బెంచీలో కూర్చోబెడుతున్నారు, ప్రభువు బల్ల దగ్గర గిన్నె ఇవ్వడానికి జంకుతున్నారు. ఇది సరికాదు. ఊపిరితిత్తుల టి.బి. దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుతుంది గాని గిన్నె వల్ల, కంచం వల్ల రాదు. డాక్టరుగారు చర్చికి వెళ్ళవచ్చన్నాక కిటికీలు తెరిచి, పక్కనే కూర్చోండి.

ఒక్క మాట. రోగి ఒప్పుకోకుండా జబ్బు పేరు ప్రార్థన మనవులలో చదవకండి.