చార్లీ కథ... రాజా కథ

ఈ వారం మన శీర్షికంతా ఒక్క ఉత్తరానికే! మిగతా పాఠకులు కాస్త ఓపిక పట్టాలి మరి. పెద్ద అంబర్‌పేట్ నుంచి డిగ్రీ చదివే కుర్రాడొకరు రాశారు:

"మా కుక్క రాజాకు 13 ఏండ్లు. రెండు కిడ్నీలు పాడైనయి. అన్నం ముడుతలేడు. రాత్రంత మూల్గుతడు. 'సూదితో నిద్రపుచ్చడం గురించి ఆలోచించుకోండి' అన్నడు డాక్టరు. అమ్మేమో పాపం తగుల్తదంటది. నాయన నోరిప్పడు. '777 చార్లీ' మూడుసార్లు చూసి మూడుసార్లు ఏడ్చిన. ఇప్పుడు ఏడుపు గూడ వస్తలేదు, భయమైతున్నది. నేనేం జేయాలె?"

తమ్ముడూ! 2022లో ఆ సినిమా చూసి ఏడ్చింది నువ్వొక్కడివేనా? అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై గారంతటి వారే, చనిపోయిన తమ కుక్క గుర్తొచ్చి నలుగురిలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. చార్లీకి క్యాన్సరని తెలిశాక రక్షిత్ శెట్టి దానికి మంచు చూపించడానికి బండి కట్టుకుని బయల్దేరాడు. పాటలు, కొండలు, మంచు! మీ ఇంట్లో ఉన్నదేమో వాంతులు, నోటిపూత, నిద్రలేని రాత్రులు. కిడ్నీలు చివరి దశకొచ్చాక రక్తంలో మలినాలు పేరుకుపోతాయి. సెలైనూ మందులూ కొన్నాళ్ళు ఉపశమనమిస్తాయి గాని, పోయిన కిడ్నీలను తిరిగి తేలేవు.

2008లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'మార్లే అండ్ మీ' ఈ ఘట్టాన్ని దాచకుండా చూపించింది. ముసలి మార్లేకు డాక్టరు సూది వేస్తుంటే యజమాని పక్కనే ఉంటాడు.

సరే, ఆ సమయం వచ్చిందని తెలిసేదెట్లా? అమెరికాలో ఆలిస్ విల్లాలోబోస్ అనే పశువైద్యురాలు ఒక లెక్క చెప్పారు. నొప్పి అదుపులో ఉందా, తింటున్నాడా, నీళ్ళు తాగుతున్నాడా, ఒళ్ళు శుభ్రంగా ఉందా, నిన్ను చూస్తే సంతోషిస్తున్నాడా, లేచి నడుస్తున్నాడా, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా? ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 70లో 35 దాటితే ఇంకా సాకవచ్చునంటారావిడ. రోజూ మార్కులు వెయ్యి. కానీ నీ ప్రేమకు కాదు సుమా, రాజా పరిస్థితికి!

డాక్టరు మాటపై అనుమానముంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. మీ ఊళ్ళో ఔటర్ రింగ్ రోడ్డెక్కితే అటే పోవచ్చు. అమ్మానాన్నల్ని కూడా వెంట తీసుకెళ్ళు. నొప్పి తగ్గించే దారి ఇంకేదైనా ఉందా అని వాళ్ళ ఎదుటే అడుగు. ఈలోగా మన పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ బిళ్ళలు మాత్రం వెయ్యకు. కుక్కలకవి విషం.

అమ్మతో వాదించి గెలవాలని చూడకు. స్వర్గద్వారం దగ్గర కూడా కుక్కను వదలనన్న ధర్మరాజు కథ ఆమెకు తెలిసే ఉంటుంది. రాజాను వదిలించుకోవడానికి కాదు, బాధ తీర్చడానికని చెప్పు. ముందు మత్తు ఇస్తారు. ఆపైన మోతాదు మించిన మత్తుమందుతో, తెలివి తప్పిన తర్వాతే, శ్వాస, గుండె ఆగుతాయి. కొద్ది నిమిషాల పని. కళ్ళు తెరిచే ఉండవచ్చు, ఒకటి రెండుసార్లు ఎగశ్వాస రావచ్చు. అది నొప్పి కాదు, భయపడవద్దు. ఇది పశువైద్యుడి చేతులమీదుగానే జరగాలి. ఎవరో చెప్పారని విషం పెట్టించడం ఘోరం. జంతువును క్రూరంగా చంపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

నా సలహా అడిగావు గనుక చెబుతున్నాను. డాక్టరిచ్చే నొప్పి మందుతో ఒక వారం చూడు. రాజా తేరుకోకపోతే ఇంక ఆలస్యం చెయ్యకు. ఆ రోజు గదిలోంచి బయటికి పోవద్దు. తల నీ ఒళ్ళో పెట్టుకో, పేరుపెట్టి పిలుస్తూ ఉండు. అన్నట్టు, నాన్నగారిని కూడా పక్కన కూర్చోమను. నోరిప్పనివాళ్ళకే దుఃఖం ఎక్కువ.

ఇలాంటి రోజులు దాటొచ్చిన పాఠకులెవరైనా ఉంటే ఈ తమ్ముడి కోసం నాలుగు ముక్కలు రాసి పంపండి. తప్పకుండా అందజేస్తాం. మిగతా ఉత్తరాలకు జవాబులు వచ్చే వారం!