సినిమా కూడా ఒక చదువే

ముందుకు ఏం చదువుతావని అడిగితే మన హాస్టల్‌లో అందరిదీ ఒకటే జవాబు. టీచర్ ట్రైనింగ్, నర్సింగ్, పోలీసు. మంచివే, కాదనను. కానీ సినిమా చదువుతానంటే "వీనికి పిచ్చి పట్టింది" అని నవ్వుతరు. టికెట్ కొని చూస్తే పిచ్చి కాదట, నేర్చుకుంటే పిచ్చట!

పూణేలో పాత ప్రభాత్ స్టూడియో జాగాలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిండ్రు. కలకత్తాలో సత్యజిత్ రే పేరుతో ఇంకొకటి 1995లో వచ్చింది. 2025లో ఈ రెండింటికీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా ఇచ్చిండ్రు. డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, సౌండ్ అన్నీ వేరు వేరు కోర్సులు, మూడేండ్లు చదవాలి. డిగ్రీ పాసై ప్రవేశ పరీక్ష రాయాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు గనుక ఎస్టీలకు సీట్లు ఉన్నాయి. ఆ సీట్లకు మన ఊళ్ళ నుండి ఎవరు దరఖాస్తు పెడుతున్నరు?

మనకెందుకు అంటరా? 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' తో కొమురం భీం పేరు దేశమంతా వినబడ్డది. నాకూ సంతోషమే. కానీ అది కల్పిత కథ. భూమి కోసం, అడవి కోసం నిజాం సర్కారుతో కొట్లాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన భీం కథ అందులో లేదు. దానికి కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ పూణేలో చదివినవాడే. అట్లాంటి చదువు మనవాళ్ళకూ ఉంటే ఆ రెండో కథ మనమే తీద్దుము గదా.

ఇంకా కొన్ని సినిమాల్లో మనమంటే ఈకలు, మొహానికి రంగు, జింగ జింగ ఎగురుడు! గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టుకుంటడు, నిజమే. అది దండారికి, దీపావళి రోజుల్లో, దేవునికి మొక్కి పెట్టుకునేది. అది పెట్టుకొని పత్తి ఏరపోతమా? మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీతోనే 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయిండు. అట్లాంటి పెద్దలు ఊరూరా ఉన్నరు, ముసలివాళ్ళయితున్నరు.

"ఫోన్ ఉంది గదా, తీస్తే సరి" అంటడు నా దోస్తు. దండారికి ఫోన్లలో తీసినవి వినండి. గుమేల మోతలో పాట ఒక్క ముక్క అర్థం కాదు. మైకు ఎక్కడ పెడితే రెండూ వినబడతయో సౌండ్ కోర్సులో నేర్పుతరు.

జార్ఖండ్ ఉరావ్ బిడ్డ నిరంజన్ కుజుర్ కలకత్తాలో చదివి తన కుడుఖ్ భాషలో 'ఎడ్పా కానా' తీసిండు. ఇంటికి పోవుడు అని అర్థం. కుడుఖ్ మన గోండికి చుట్టం భాషే.

చదివినంక నౌకరి ఇస్తరా అని మా అమ్మ అడిగింది. సర్కారు నౌకరి గ్యారంటీ లేదు, ఇంగ్లీషు కష్టం, ఫీజు కూడా తక్కువ కాదు. అవి దాచను. స్కాలర్‌షిప్ సంగతి మాత్రం సార్లు కనుక్కొని నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నాకైతే సౌండ్ కావాలె. కెమెరా, ఎడిటింగ్ మీరు పంచుకోండి.