మా పెండ్లి మాకు నేర్పిన పని



"మీరు పాస్టర్లు కారు, బడి పంతుళ్లు. పెండ్లిళ్లు చేయించే లైసెన్సు మీ ఇంటికి ఎలా వచ్చింది?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. ఈ నెల మన శీర్షికలో దానికి జవాబు వ్రాస్తున్నాము. మా గొప్ప చెప్పుకోవడానికి కాదు. మీ ఇండ్లలో కూడా పెండ్లీడు పిల్లలు ఉన్నారు. పందిరి గుంజలు పాతకముందే మీరు తెలుసుకోవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి.

మా పెండ్లి పనులు మేమే చూసుకోవలసి వచ్చింది. మాలో ఒకరికి తండ్రి లేరు. మరొకరి తండ్రిగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. ప్రధానం అయిన మరునాడే నోటుపుస్తకంలో పట్టీ వ్రాసుకున్నాము. షామియానా, వంటవాళ్లు, బియ్యం, విస్తళ్లు, బట్టలు, తాళి, ఉంగరాలు, పత్రికలు, బ్యాండు మేళం. అన్నిటికంటే చివర, అయ్యగారు. మన పల్లెల్లో ఎవరి పట్టీ చూసినా వరుస అదే.

మా ఊరి అయ్యగారు వృద్ధులు. మా ఇంట మూడు తరాలవారికి బాప్తిస్మం ఇచ్చినవారు. ఆయన మా మాట విని, "బాబూ, ప్రార్థన చేస్తాను, వాక్యం చెబుతాను. పెండ్లి చేయించే లైసెన్సు మాత్రం నాకు లేదు. లేనిది ఉన్నట్టు నిలబడితే రేపు మీకే ఇబ్బంది" అన్నారు. ఆయన నిజాయితీని తలుచుకొని ఈనాటికీ దేవుణ్ణి స్తుతిస్తాము.

లైసెన్సు ఉన్న పాస్టరుగారు టౌనులో ఉండేవారు. మా మేనత్తను వెంటబెట్టుకొని బస్సెక్కి వెళ్లాము. ఆయన మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు అడిగారు. వయసెంత, దానికి రుజువేమిటి, ఇదివరకు పెండ్లి అయినదా, ఇద్దరి మధ్య ఏమి వరుస, ఏ సంఘంలో సభ్యులు. తరువాత వరుణ్ణి, మేనత్తను బయట చెట్టు కిందికి పంపి, పాస్టరమ్మగారు వధువును ఒంటరిగా కూర్చోబెట్టుకొని, "అమ్మా, ఈ పెండ్లి నీకు ఇష్టమేనా? ఎవరి బలవంతమూ లేదు గదా?" అని అడిగారు. అంతకుముందు ఆ మాట ఇంట్లోగాని ఊళ్లోగాని ఎవరూ అడగలేదు. రిబ్కాను పంపేముందు ఇంటివారు ఆమెను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్తావా అని అడిగినట్లు ఆదికాండము 24వ అధ్యాయంలో చదువుతాము. అంత పూర్వకాలంలోనే అడిగిన ప్రశ్నను మన ఇండ్లలో ఎందుకు మానుకున్నామో ఆలోచించవలసిన సంగతి.

పెండ్లి రోజున ఆ పాస్టరుగారికి మాది మూడవ పెండ్లి. ఉదయం పదకొండు గంటలకని పత్రికలో వేశాము. ఆయన వచ్చేసరికి సాయంత్రం ఆరు. క్రైస్తవ వివాహ చట్టం 10వ సెక్షను ప్రకారం వివాహం ఉదయం 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు మధ్యనే జరగాలి. ఏడు కాకముందే ప్రమాణాలు, సంతకాలు ముగిశాయి. భోజనాల దగ్గర ఆయన, "ఇన్ని ఊళ్లకు నేనొక్కణ్ణి చాలడం లేదు. సంఘంలో మంచి సాక్ష్యం గల క్రైస్తవుడు పాస్టరు కాకపోయినా ఈ లైసెన్సు అడగవచ్చు. 9వ సెక్షను చదవండి" అన్నారు. ఆ మాట మా మనసులో పడింది.

పడిన విత్తనం మొలకెత్తింది మాత్రం కొన్ని ఏండ్ల తరువాత, మా సంఘంలోని ఒక సహోదరి కన్నీళ్ల వలన. ఆమె భర్త ప్రభుత్వోద్యోగి, జబ్బుచేసి చనిపోయాడు. కుటుంబ పింఛను కోసం వెళితే వివాహానికి రుజువు తెమ్మన్నారు. ఆమె దగ్గర పెండ్లి ఫొటో ఉన్నది, పత్రం లేదు. పెండ్లి చేయించినవారికి లైసెన్సు లేదు, రిజిస్టరు లేదు. భర్త తరపువారు ఆమె భార్యే కాదన్నారు. ఇద్దరు పిల్లలను చంకనేసుకొని రెండేండ్లు ఆఫీసుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగింది. దేవుని యెదుట ఆమె భార్యే. కాని కాగితం అడిగేవారికి చూపడానికి ఏమీ లేకపోయింది. ఆ దినాల్లోనే మేము సంఘ పెద్దల సిఫారసుతో దరఖాస్తు పెట్టాము. విచారణ జరిగి, లైసెన్సు ఇచ్చినట్లు గెజిట్‌లో ప్రకటన వచ్చింది. పేరు మాలో ఒకరిదే గాని పని ఇద్దరిదీ.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం పెండ్లి ఎవరు చేయించవచ్చునో స్పష్టంగా చెప్పింది. బిషపుగారి హస్తనిక్షేపణ పొందిన గురువులు తమ సంఘ క్రమం చొప్పున చేయించవచ్చు. 6వ సెక్షను కింద లైసెన్సు పొందిన సంఘ కాపరులు, ప్రభుత్వం నియమించిన మ్యారేజి రిజిస్ట్రార్లు చేయించవచ్చు. 9వ సెక్షను కింద లైసెన్సు పొందిన క్రైస్తవులు భారతీయ క్రైస్తవుల వివాహాలకు ధ్రువపత్రం ఇవ్వవచ్చు. మాది ఈ చివరిది. ఏ అధికారమూ లేకుండా తెలిసి పెండ్లి చేయించినవారికి 68వ సెక్షను పదేండ్ల వరకు జైలుశిక్ష చెబుతున్నది.

మా వంటివారి యెదుట జరిగే వివాహానికి 60వ సెక్షను నియమాలు పెట్టింది. వరునికి 21, వధువుకు 18 ఏండ్లు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ జీవించియున్న భార్యగాని భర్తగాని ఉండకూడదు. మేముగాక మరి ఇద్దరు నమ్మదగిన సాక్షులు ఉండాలి. వారందరి యెదుట ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని దేవుని సన్నిధిలో, ప్రభువైన యేసుక్రీస్తు నామమున నోటితో చెప్పాలి. ఇది తెలుగులోనే చెప్పవచ్చు. రిజిస్టరు కూడా తెలుగులో ఉంచవచ్చునని 62వ సెక్షను చెబుతున్నది.

ఈ నియమాలు నెరవేరితే, దంపతులలో ఎవరు అడిగినా ధ్రువపత్రం ఇవ్వాలి. దానికి 1872లో పెట్టిన రుసుము నాలుగణాలు. పావలా బిళ్ల 2011లో చెలామణీ నుండి పోయింది. ఆ పత్రం విలువ మాత్రం పోలేదు. వివాహం జరిగినదనడానికి అది తిరుగులేని రుజువుగా కోర్టు స్వీకరించాలని 61వ సెక్షను చెబుతున్నది. మా సహోదరి చేతిలో లేనిది ఆ కాగితమే.

9వ సెక్షను కింద మేము చేయించే వివాహాలకు చట్టం ముందుగా నోటీసు అడగదు. అయినా మూడు ఆదివారాలు ఇరుపక్షాల సంఘాలలో ప్రకటన చదవనిదే మేము ఒప్పుకోము. దూరదేశంలో ఇదివరకే కాపురం పెట్టినవాని సంగతి బయటపడేది ఆ ప్రకటన వలననే. ఇక వధువుతో ఒంటరిగా మాట్లాడే పని మాలో స్త్రీదే. టౌను పాస్టరమ్మగారు వేసిన దారిని మేము వదలలేదు.

ఒక పెండ్లికి పత్రికలు పంచారు, మేకలు కొన్నారు. బడి సర్టిఫికెట్ చూస్తే అమ్మాయికి 18 నిండడానికి ఏడు నెలలు తక్కువ. మేము చేయించలేమన్నాము. బంధువులు కోపపడి మా గుమ్మంలో నిలబడి నానా మాటలు అన్నారు. ఆ ఊరి సంఘ పెద్ద ఒకరు మాత్రం, "మనకు ముహూర్తాలు లేవు గదయ్యా, ఏడు నెలలు ఆగితే ఏం పోయింది?" అన్నారు. ఆగారు. ఆ ఏడు నెలల్లో అమ్మాయి ఇంటర్ పరీక్షలు వ్రాసింది. తరువాత అదే వరునితో మా యెదుటే వివాహం జరిగింది. ఆ అమ్మాయి తన పేరు తానే రిజిస్టరులో తెలుగున వ్రాసింది.

బోయజు రూతును పెండ్లాడకముందు పురద్వారం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టుకొని, అందరి యెదుట వారిని సాక్షులుగా ఉంచాడు (రూతు 4వ అధ్యాయం). ప్రేమ ఉన్నది గనుక సాక్షులు అక్కరలేదని ఆయన అనుకోలేదు. పేదరాలైన పరదేశి స్త్రీకి ఆ సాక్ష్యమే కోటగోడ.

కాబట్టి తల్లిదండ్రులారా, ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

1. పెండ్లి తేదీ వేయకముందే చేయించేవారి అధికారం ఏమిటో మర్యాదగా అడగండి. అడిగినందుకు మంచి కాపరి నొచ్చుకోడు.

2. వయసు రుజువులు, సంఘ పత్రాలు ముందుగా సిద్ధం చేసుకోండి.

3. మీ కుమార్తెను, కుమారుణ్ణి వేరువేరుగా కూర్చోబెట్టి ఇష్టాన్ని అడగండి. మౌనాన్ని అంగీకారమని అనుకోకండి.

4. ధ్రువపత్రం అడిగి తీసుకోండి. 2002 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రాలలో వివాహ రిజిస్ట్రేషను తప్పనిసరి, అదీ చేయించండి. రెండు కాగితాలూ బైబిలులో పెట్టి మరిచిపోక, నకళ్లు తీయించి అమ్మాయి చేతికి ఒకటి ఇవ్వండి.

వధూవరులలో ఒకరే క్రైస్తవులైతే 9వ సెక్షను లైసెన్సు చాలదు. 6వ సెక్షను లైసెన్సు గల కాపరిని కలవండి; లేదా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది, దానికి 30 దినాల నోటీసు ఇవ్వాలి.

ఇప్పటికే పెండ్లయి పత్రం లేనివారు సిగ్గుపడనక్కరలేదు. భార్యాభర్తలిద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే సంఘ పెద్దలతో కలిసి వెళ్లి, తెలిసినవారి సలహా తీసుకోండి. అవసరం వచ్చిన దినాన తిరగడం ఒంటరి స్త్రీకి కష్టం.

ఈ సంవత్సరం మీ పందిళ్లలో నిలబడే ప్రతి జంటకు ప్రభువు సమాధానము అనుగ్రహించును గాక.